ఎవరూ రుచి చూడని సూపు

సింగపూర్‌లోని పాయా లేబర్‌లో మా ఆఫీసు కింద ఉన్న మాల్‌లో ఒక సూపు దుకాణం ఉంది. వారానికో రకం సూపు పెద్ద స్టీలు గిన్నెలో వేడిగా ఉంచి, దాని పేరు సుద్దముక్కతో పలక మీద రాస్తారు. నేను టమాటా సూపో గుమ్మడికాయ సూపో తాగి పైకి వెళ్ళిపోతుంటాను. మొన్న లైన్లో నిలబడి ఫోన్ చూసుకుంటుంటే ముందు నా ముక్కుకి తెలిసింది, ఆ తర్వాత తలెత్తి పలక చూశాను. హామ్ అండ్ బీన్స్.

హామ్ అంటే పంది తొడ. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా ఎప్పుడూ రాలేదు. నేనూ మాంసం తినకుండానే పెరిగాను. అయినా ఆ వాసన నాకు మా ఇంటి చారు వాసనంత బాగా తెలుసు. ఎందుకంటే నా చిన్నప్పుడు ఆ సూపుని నా కళ్ళ ముందు వండింది మా అమ్మే.

"ఎక్స్‌క్యూజ్ మీ, క్యూలో ఉన్నారా లేదా?" అని వెనకున్న అబ్బాయి ఇంగ్లీషులో విసుక్కున్నాడు. పక్కకి తప్పుకుని ఒక కుర్చీలో కూలబడ్డాను. ఆ మధ్యాహ్నం ఏమీ తినలేదు. ఆ గిన్నెలోంచి లేచే ఆవిరి చూస్తూ కూర్చున్నాను.

సంవత్సరం మారితే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకమంతా హడలిపోయిన రోజుల్లో మా నాన్నకి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది. సంవత్సరం మారింది. కంప్యూటర్లకి ఏమీ కాలేదు, నాన్న ఉద్యోగానికీ ఏమీ కాలేదు. దాంతో ధైర్యం వచ్చి నన్నూ అమ్మనీ కూడా పిలిపించుకున్నాడు. బుకిట్ పంజాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. మూడో గదిలో ఇంటావిడ ఉండేది. నేను ఆవిడని ఆంటీ అనేదాన్ని, అమ్మ ఆంటీ అనేది, నాన్న కూడా ఆంటీ అనేవాడు. వంటిల్లు మాత్రం ఒక్కటే, అందరికీ కలిపి.

ఆంటీ యూరేషియన్. ఎప్పుడో పెద్దల కాలంలో పోర్చుగీసు వాళ్ళ రక్తం కలిసిందట. రంగు మా అమ్మ రంగే, కళ్ళు మాత్రం పిల్లికళ్ళు. పూలగౌను, మెడలో సన్నటి శిలువ, ఇంట్లో కూడా పెదాలకి రంగు. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, ఆస్ట్రేలియాలో పెర్త్‌లో ఉండేది. ఆంటీ మాట్లాడేది ఇంగ్లీషు. ఆ మాటల్ని తెలుగులో రాస్తున్నాను గానీ, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'ని తీసెయ్యడానికి మనసొప్పడం లేదు.

గదులు ఇచ్చేటప్పుడే ఆంటీ ఒక షరతు పెట్టింది. లైట్ కుకింగ్ ఓన్లీ. అంటే అన్నం వండుకోవచ్చు, నూడుల్స్ ఉడకబెట్టుకోవచ్చు. వేపుళ్ళు, తాలింపులు, ఇల్లంతా కమ్ముకునే వాసనలు ఉండకూడదు. "నా ముక్కు చాలా సెన్సిటివ్ లా. కూర వాసన తగిలితే తలనొప్పి వచ్చేస్తుంది" అంది. మాకు ఇంకో దారి లేదు. ఇండియన్స్ అనగానే కూర వాసన అని ఫోన్ పెట్టేసే ఇళ్ళవాళ్ళు అప్పుడు బోలెడుమంది. నాన్న తలూపి సంతకం పెట్టేశాడు.

అలా మా ఇంట్లో పోపు ఆగిపోయింది. పోపు లేని పప్పు, పోపు లేని చారు, పోపు లేని పెరుగుపచ్చడి. నాన్న కంచం ముందు కూర్చుని, "జ్వరమొచ్చినోడికి పెట్టే తిండిలా ఉందే" అనేవాడు. అమ్మకి ఒళ్ళు మండేది. "ఆ మాట సంతకం పెట్టేప్పుడు అనాల్సింది" అనేది.

అయితే ఆంటీ ఆదివారం ఉదయం చర్చికి వెళ్ళేది. ఆవిడ లిఫ్ట్ ఎక్కిందో లేదో అమ్మ కిటికీలన్నీ తీసేసి, ఫ్యాను పెట్టేసి, మూకుడు పొయ్యి మీద పెట్టేది. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. వారానికి సరిపడా పోపు ఒక్కసారే వేసి సీసాలో దాచేది. కిటికీ దగ్గర కాపలా నా పని. అక్కణ్ణుంచి కొత్తగా వేసిన చిన్న రైలు కనిపించేది. ఎత్తున స్తంభాల మీద, ఇళ్ళ కిటికీలకి చేరువగా వెళ్ళేది. సరిగ్గా మా బ్లాక్ దగ్గరికి రాగానే దాని అద్దాలు పాలు పోసినట్టు తెల్లబడిపోయేవి. లోపలి వాళ్ళు మన ఇళ్ళలోకి తొంగి చూడకుండా అని నాన్న చెప్పాడు. నాకు అది ఎంత చూసినా తనివి తీరేది కాదు. రైలుకి సిగ్గు ఎలా తెలుస్తుంది?

ఒక ఆదివారం నేను ఆ రైలు ధ్యాసలో పడి కింద చూడటం మర్చిపోయాను. ఇంగువ పొగ గుప్పుమంటుండగా ఆంటీ తలుపు తీసుకుని లోపలికి వచ్చేసింది. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మా సామాను సర్దుకోవడమే తరవాయి అనుకున్నాను.

ఆంటీ వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగింది. పొయ్యికి వీపు పెట్టి నిలబడింది కాబట్టి మూకుడు చూడలేదు. "ఇవాళ ఫాదర్ ప్రసంగం తొందరగా ముగించాడు లా" అని గదిలోకి వెళ్ళిపోయింది.

"దేవుడు కాపాడాడే" అంది అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని. నాకు మాత్రం దేవుడి మీద నమ్మకం కుదర్లేదు. పక్క బ్లాక్‌ వాళ్ళకి కూడా తెలిసేంత ఇంగువ అది. సెన్సిటివ్ ముక్కుకి ఎలా తెలియలేదు?

ఆ వారమంతా నాకు అదే పని. అగరొత్తి వెలిగించి ఆవిడ కుర్చీ కింద పెట్టాను. ఏమీ అనలేదు. నాన్న తలనొప్పి మందు రాసిన రుమాలు పక్కన పడేశాను. ఏమీ అనలేదు. చివరికి కింద దుకాణంలో దురియాన్ పండు బిళ్ళలు కొనుక్కొచ్చాను. దురియాన్ వాసన ఎరిగిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఎరగని వాళ్ళకి చెప్పలేం. రైళ్ళలో బస్సుల్లో ఆ పండుని రానివ్వరు. కాగితం ఊడదీసి సోఫాలో ఆంటీ పక్కనే దిండు కింద పెట్టాను. ఆవిడ సీరియల్ ఆసాంతం హాయిగా చూసింది. లేచేటప్పుడు దిండు జరిగి బిళ్ళ కంటపడింది. అప్పుడు ముక్కు మూసుకుని, "అబ్బా, ఏం వాసన లా! తీసెయ్, తీసెయ్!" అని అరిచింది.

కంటపడ్డాకే కంపు కొట్టిందని నాకు అర్థమైంది. పరిగెత్తుకెళ్ళి అమ్మకి చెప్పాను. "పెద్దవాళ్ళ మీద ప్రయోగాలేంటే, కాళ్ళు విరగ్గొడతా" అంది అమ్మ. కానీ ఆ సాయంత్రం ఆంటీ ఉండగానే కొంచెం ధనియాలు వేయించి చూసింది. తను కూడా ప్రయోగమే చేసింది, ఒప్పుకోలేదు అంతే.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. బడి నుంచి వచ్చేసరికి తలుపు తీస్తూనే ఘాటుగా గ్యాస్ వాసన. గాలికి పొయ్యి ఆరిపోయింది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. ఆ పక్కనే ఆంటీ స్టూలు మీద కూర్చుని, పాట ఏదో సన్నగా పాడుకుంటూ వెల్లుల్లి ఒలుచుకుంటోంది. నేను "అమ్మా!" అని కేక పెట్టాను. బాత్‌రూమ్‌లో బట్టలు ఉతుకుతున్న అమ్మ తడిచేతులతో పరిగెత్తుకొచ్చి గ్యాస్ కట్టేసి, కిటికీలు తెరిచి, ఆంటీని రెక్క పట్టుకుని వసారాలోకి లాక్కొచ్చింది.

"గ్యాస్, ఆంటీ. గ్యాస్ ఆన్. నో ఫైర్" అంది అమ్మ. తన ఇంగ్లీషు అంతే. ఆంటీ మొహం పాలిపోయింది. కాసేపటికి అమ్మ చెయ్యి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

కొన్నేళ్ళ కిందట ఏదో జ్వరం వచ్చి తగ్గిందట. తగ్గిపోతూ ముక్కునీ నాలుకనీ పట్టుకుపోయింది. అప్పట్నుంచీ వాసనా లేదు, రుచీ లేదు. కాఫీ అయినా వేణ్ణీళ్ళయినా ఒకటే. డాక్టరు ఇక రాదన్నాడు. వాసనంటే పడదని ఊరందరికీ చెప్పుకుంటే ఎవరికీ అనుమానం రాదని ఆ షరతు పెట్టింది. ఇదంతా ఆవిడ చెబుతుంటే నేను అమ్మకి తెలుగులో చెబుతూ వచ్చాను.

"నా కూతురికి చెప్పకండి లా, ప్లీజ్" అంది ఆంటీ. "ఇప్పటికే అడుగుతోంది, ఒంటరిగా ఎలా ఉంటావని. ఇది తెలిస్తే ఫ్లాట్ అమ్మేసి నన్ను పెర్త్ తీసుకుపోతుంది. నా చర్చి ఇక్కడ, నా మొగుడి సమాధి ఇక్కడ. అక్కడ నేనేం చెయ్యాలి, కంగారూలని లెక్కపెట్టాలా?"

అమ్మ నా చెవిలో, "చెప్పమని చెప్పు" అంది. "ఏమని?" అన్నాను. "మేం చెప్పం అని చెప్పవే మొద్దు!" అంది. చెప్పాను.

క్రిస్మస్ దగ్గర పడ్డాక పెర్త్ నుంచి ఫోన్ వచ్చింది. కొత్త సంవత్సరానికి కూతురు వస్తోంది. పెట్టేసే ముందు ఒక మాట అందట, "అమ్మా, నీ హామ్ ఎముక సూపు చెయ్యాలి, ఏళ్ళయింది తిని."

క్రిస్మస్‌కి హామ్ కోసుకు తిన్నాక మిగిలిన ఎముకని పారెయ్యకుండా తెల్ల చిక్కుడు గింజలతో ఉడికించి సూపు చెయ్యడం వాళ్ళింటి ఆనవాయితీ. ఆంటీకి వాళ్ళమ్మ నేర్పింది. భర్తకి ప్రాణం, కూతురికి ప్రాణం. ముక్కు పోయాక ఆంటీ దాని జోలికి వెళ్ళలేదు. రెండుసార్లు అడుగంటించిందట. ఇప్పుడు కూతురేమో నాడి చూడ్డానికి వచ్చే వైద్యుడిలా వస్తోంది. సూపు సరిగ్గా ఉంటే అమ్మ బాగానే ఉందనుకుంటుంది. లేకపోతే పెట్టె సర్దమంటుంది.

ఆంటీ చాలాసేపు నసిగి, చివరికి అమ్మ వైపు చూడకుండా నాతో అంది. "మీ అమ్మని అడుగు లా. ముట్టుకోవద్దు, తినొద్దు. నా పక్కన నిలబడి వాసన చూసి చెబితే చాలు."

ఆ సాయంత్రం నాన్న మొహం చూడాలి. "పంది మాంసమా! మీ అమ్మకి తెలిస్తే?" అన్నాడు.

"మా అమ్మకెందుకు తెలుస్తుంది? మీరు ఉత్తరం రాస్తారా?" అంది అమ్మ. "తినమనడం లేదు కదండీ. ఆస్పత్రిలో నర్సులు ఏవేవో ముట్టుకోరూ? ఇంటికొచ్చి స్నానం చేస్తారు. నేనూ చేస్తాను. ఆ పెద్దావిడ ఈ ఇల్లు వదిలి పోవాల్సొస్తే, ఆవిడ ఉసురూ మనకే, వీధిన పడేదీ మనమే."

నాన్న మర్నాడు ఫ్రిజ్‌లో మా దోసెల పిండిని ఇంకో అర పైకి జరిపాడు, అంతే. కింద అరలో ఆ ఎముక పేపరు చుట్టుకుని పడుకుని ఉంది. నేను రోజూ తలుపు తీసి దాన్ని చూసి, మళ్ళీ తలుపు వేసేదాన్ని.

కూతురు వచ్చే రోజు పొద్దున్నే మొదలుపెట్టారు. గింజలు ముందురోజే నానబెట్టారు. ఆంటీ గిన్నె, ఆంటీ గరిటె, ఆంటీ కత్తి. అమ్మ పాత చీర కట్టుకుని కొంగు బిగించింది. ఎముకని ఆంటీయే నీళ్ళలో వేసింది. గులాబిరంగు మాంసం ఇంకా దానికి అంటుకుని ఉంది. మిరియాలు, ఉల్లిపాయలు, క్యారెట్లు, బిర్యానీలో వేసే ఆకు. ఉల్లిపాయలు తరగడం చూసి ఆంటీ, "మీ అమ్మ మెషీన్ లా" అంది. చిన్న రైలు అద్దాలు తెల్లబరుచుకుంటూ వెళ్ళిపోయింది. "ఈ రైలు మా మంచిది, నా పరువు కాపాడుతోంది" అంది అమ్మ.

సూపు మరగడం మొదలయ్యాక ఆంటీ గిన్నె మీదికి వంగి, అలవాటు కొద్దీ ఊపిరి లోపలికి లాగి, ఊరుకుంది. "ఎలా ఉంది? చెప్పు, చెప్పు" అని అమ్మని అడిగింది. "గుడ్" అంది అమ్మ. ఆంటీకి చాల్లేదు. "గుడ్ అంటే ఎలా గుడ్?"

అమ్మ కళ్ళు మూసుకుని వాసన చూసింది. మా అమ్మ పుట్టింది పొగాకు పండే ఊళ్ళో. "పొగాకు బ్యారన్ దగ్గర నిలబడ్డట్టుందని చెప్పవే. ఆకు కాలుస్తుంటే పక్కన ఎవరో పప్పు ఉడకబెడుతున్నట్టు" అంది. బ్యారన్‌ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. పొగాకుని మంట వేడికి ఎండబెట్టే ఇల్లని చెప్పాను.

ఆంటీ నవ్వేసింది. "పొగాకు! అదే లా, అదే! మా ఆయన పైపు కాల్చేవాడు, ఈ సూపు వండితే కాల్చకుండానే పైపు వాసనొస్తోందని అనేవాడు." ఆ తర్వాత ఆంటీ గడియగడియకీ అడిగింది, అమ్మ కళ్ళు మూసుకుని చెప్పింది, నేను అటూ ఇటూ మోశాను. ఇప్పుడు ఉల్లిపాయ తగ్గింది, ఇప్పుడు గింజ చిక్కబడింది, ఇప్పుడు మిరియం పైకొచ్చింది. అంత సరదాగా ఆ వంటింట్లో ఎవరూ వంట చేసి ఉండరు.

నాకు మాత్రం నాలుక పీకేస్తోంది. "ఒక్క చుక్క రుచి చూసి చెప్పనా?" అన్నాను. అమ్మ చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. "రుచి చూడకుండా వండలేనా? దేవుడికి నైవేద్యం పెట్టేది ఎప్పుడైనా ఎంగిలి చేశానా? ఎప్పుడైనా ఉప్పు తప్పిందా?" అంది. ఆ మాట నిజమే. మా ఇంట్లో పండగ పూట పులిహోర గానీ పరమాన్నం గానీ పూజయ్యేదాకా ఎవరూ నాలుక మీద వేసుకోరు. అమ్మ ఉప్పు అరచేతిలో పోసుకుని, ఒకసారి గిన్నెనీ ఒకసారి చేతినీ చూసి వేస్తుంది. అది గీటు దాటదు.

ఆంటీ గౌను మార్చుకోవడానికి గదిలోకి వెళ్ళినప్పుడు అమ్మ అదే పని చేసింది. గిన్నె చూసింది, అరచెయ్యి చూసింది, ఉప్పు వేసింది. ఇంత గింజలకి ఇంత ఉప్పు.

హామ్ అంటే ఉప్పులో రోజుల తరబడి ఊరేసిన మాంసమని అమ్మకి తెలియదు. ఆవకాయ కలిపిన అన్నంలో మళ్ళీ ఉప్పు చల్లుకోవడం లాంటిదే అది. వేయాల్సినవన్నీ చెప్పిన ఆంటీ ఉప్పు మాట చెప్పలేదు, ఎందుకంటే ఆ సూపులో జన్మలో ఉప్పు వేసి ఎరగదు. అమ్మ అడగలేదు, ఎందుకంటే ఉప్పు వేయని వంట ఉంటుందని జన్మలో అనుకోలేదు.

కూతురు వచ్చింది. పొడుగు మనిషి, పొట్టి జుట్టు. తల్లిని కావిలించుకుని, వదిలిపెట్టిన మరుక్షణం ఇల్లంతా కలియతిరిగింది. పొయ్యి మీటలు తిప్పి చూసింది, ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ తీసి వాసన చూసింది. పాలు బాగానే ఉన్నాయి, పొద్దున్నే అమ్మ మార్చింది. తర్వాత గిన్నె మూత తీసింది. ఆవిరి మొహానికి తగలగానే చిన్నపిల్ల అయిపోయింది. "ఓ, మమ్!" అంది.

మమ్మల్ని కూడా బల్ల దగ్గర కూర్చోమన్నారు. మాకు రొట్టె, పళ్ళు. వాళ్ళిద్దరికీ సూపు. నేను రొట్టె కొరకడం మానేసి కూతురి చెంచానే చూస్తున్నాను. చెంచా నోట్లోకి వెళ్ళింది. గొంతు దిగలేదు. ఆవిడ కళ్ళు ఒక్కసారి పెద్దవై, బలవంతంగా మింగింది. నీళ్ళ గ్లాసు అందుకుని ఖాళీ చేసింది. పక్కనే కూర్చున్న అమ్మ చెయ్యి నా తొడ మీద బిగుసుకుంది.

ఆంటీకి ఇదేమీ తెలియదు. చెంచా మీద చెంచా తాగుతోంది. గింజ మెత్తదనం, మాంసం పీచు, వేడి, ఇంతే ఆవిడకి తెలిసేది. మిగతాది జ్ఞాపకంలోంచి కలుపుకుంటోంది. మొహం వెలిగిపోతోంది.

"మమ్, ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది కూతురు, చాలా మెల్లగా.

"జస్ట్ నైస్ లా!" అంది ఆంటీ. "మీ డాడీ ఉన్నప్పుడు చేసినట్టే కుదిరింది." ఇంకో గిన్నె వడ్డించుకుంది.

కూతురు తల్లి వైపు చూస్తూ ఉండిపోయింది. తల్లికి రుచే తెలియడం లేదని ఆవిడకి అర్థమైపోయింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. వంగి, తన గిన్నెలో ఉన్నదంతా అడుగు వరకూ తాగేసింది. సముద్రపు నీళ్ళ లాంటి ఆ సూపుని అంత ప్రేమగా తాగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆంటీ కునుకు తీయడానికి వెళ్ళాక కూతురు వంటింట్లోకి వచ్చింది. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"సాల్ట్ ఐ పుట్. మై మిస్టేక్. ఆంటీ గుడ్, ఆంటీ వెరీ గుడ్" అంది అమ్మ.

"సాల్ట్ ఎవరు వేసినా, జస్ట్ నైస్ అంది కదా" అంది కూతురు. కూతురు కుళాయి దగ్గర నిలబడి, నెలలోపల ఫ్లాట్ అమ్మకానికి పెడతాననీ, మమ్మల్ని వేరే చోటు చూసుకోమనీ చెప్పింది. ఒకరోజు ఈ పొయ్యి ఆరిపోతే, వాసన తెలియకపోతే, అని ఆగిపోయింది. ఆ ఒకరోజు అప్పటికే వచ్చి వెళ్ళిందని మేం చెప్పలేదు.

అమ్మ తెలుగులోకి దిగింది. "నువ్వు చెప్పవే, నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. వాళ్ళమ్మకి ముక్కు లేదు, నాకుంది. ఒక వంటింటికి ఒక ముక్కు చాలు. మేం ఉన్నంత కాలం ఆ పొయ్యి నాది. ఆవిడని ఇక్కడే ఉండనిమ్మను."

నేను చెప్పాను. మా అమ్మ ఒక వంటింటికి ఒక ముక్కు చాలంటోంది అని చెప్పాను. కూతురు ముందు నవ్వింది, తర్వాత ఆ నవ్వులోనే ఏడ్చింది. మొహం తుడుచుకుని, "మరి మీరు వెళ్ళిపోతే?" అని అడిగింది.

ఆ మాట కూడా అమ్మకి చెప్పాను. అమ్మ పొయ్యి మీటలు కట్టేసి ఉన్నాయో లేదో ఒకసారి తిప్పి చూసుకుంది. అది చూసి కూతురు, "సరే. మీరున్నంత కాలం" అంది.

ఆవిడ బజారుకెళ్ళాక అమ్మ గిన్నె తోమడానికి కూర్చుంది. నేను తలుపు చాటున ఉన్నాను. అడుగున కొంచెం సూపు మిగిలింది. అమ్మ అటూ ఇటూ చూసి, చిటికెన వేలు అందులో ముంచి నాలుకకి తాకించుకుంది. వెంటనే ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మళ్ళీ పుక్కిలించింది. ఎంత తప్పు చేసిందో తెలుసుకోకుండా ఉండలేకపోయింది పాపం. తర్వాత తలస్నానం చేసి, తడిజుట్టుతో దేవుడి పటం ముందు చాలాసేపు కూర్చుంది.

ఆ రోజు నుంచి షరతు ఎగిరిపోయింది. కూతురికీ తెలిసిపోయి, దాచుకోవడానికి ఏమీ లేకపోయేసరికి ఆంటీకి వాసనంటే తలనొప్పి రావడం కూడా మానేసింది. రోజూ పోపే. అమ్మ మూకుడు పెట్టగానే ఆంటీ స్టూలు లాక్కుని వచ్చి కూర్చునేది. "ఆవాలు ఎక్కువ వెయ్యి లా" అనేది. ఆ చిటపటలు వింటుంటే చిన్నప్పటి ఇంటి రేకుల మీద వాన పడ్డట్టుంటుందట. అమ్మ వాసన చెప్పేది, ఆంటీ చప్పుడు వినేది. నాన్న రెండోసారి అన్నం వడ్డించుకోవడం మళ్ళీ మొదలైంది.

అది ఎక్కువ కాలం సాగలేదు. ఇంటర్నెట్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. నాన్న కాంట్రాక్టు పొడిగించలేదు. అన్న మాట ప్రకారమే కూతురు ఫ్లాట్ అమ్మకానికి పెట్టింది, మేం హైదరాబాద్ వచ్చేశాం. ఎయిర్‌పోర్టుకి బయల్దేరుతుంటే ఆంటీ సూపు గిన్నె తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. పెర్త్‌లో అన్నీ ఉంటాయి లా, అంది. ఆ గిన్నెలో అమ్మ వండలేదు, పారెయ్యనూ లేదు. కరివేపాకు మొక్క వేసింది. కొన్నేళ్ళు పెర్త్ నుంచి క్రిస్మస్ కార్డులు వచ్చాయి. తర్వాత రావడం మానేశాయి.

నేను చదువుకి మళ్ళీ ఈ ఊరే వచ్చి, ఇక్కడే ఉండిపోయాను. అమ్మ ఇప్పుడు క్లెమెంటిలో నా దగ్గరే ఉంటుంది. మొన్న సాయంత్రం సూపు దుకాణం సంగతి చెబితే, చిక్కుడుకాయలు తుంచుతున్న చెయ్యి ఆపింది.

"అమ్మా, ఆ రోజు నువ్వు రుచి చూశావు. నేను చూశాను" అన్నాను.

"నువ్వు చూశావని నాకు తెలుసు" అంది. చిక్కుడుకాయలు పక్కన పెట్టి, "ఉప్పు తప్ప ఇంకేమీ తెలియలేదే. సరిగ్గా కుదిరితే అదెలా ఉంటుందో" అంది. ఇన్నేళ్ళూ ఆ కుతూహలం నా ఒక్కదానిదే అనుకున్నాను.

మర్నాడు అమ్మని తీసుకుని వెళ్ళాను. పలక మీద అదే పేరు ఉంది. ఒక గిన్నె తీసుకుని బల్ల మీద పెట్టాను. అమ్మ వంగి, కళ్ళు మూసుకుని వాసన చూసింది. "అదే. కానీ పొగాకు తక్కువైంది" అంది. నేను జీవితంలో మొదటిసారి ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. పొగ పట్టిన పప్పులా ఉంది. బాగానే ఉంది.

"ఉప్పు?" అంది అమ్మ.

"సరిపోయింది."

అమ్మ లేచి తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్ళింది. గరిటె పట్టుకున్న అమ్మాయిని అడిగింది, "ఇందులో నువ్వు సాల్ట్ ఎంత వేశావు?" తన ఇంగ్లీషు ఇప్పుడు బాగుపడింది.

"సాల్ట్ వెయ్యం ఆంటీ. హామ్‌లోనే ఉంటుంది లా" అంది ఆ అమ్మాయి.

అమ్మ తిరిగొచ్చి కూర్చుంది. "ఆంటీని ఒక్క మాట అడిగితే చెప్పేదే కదే. నేను చెయ్యి కట్టుకుని ఊరుకుని ఉంటే, ఆవిడ కూతురికి తెలిసేదే కాదు. ఆవిడ తన ఇంట్లో ఉండేది."

"అప్పుడు మనం వెళ్ళిపోయాక ఆ పొయ్యి ఎవరు చూసేవారమ్మా?" అన్నాను. అమ్మకి ఆ మాట ఎక్కిందో లేదో తెలియదు. గిన్నెలో చల్లారుతున్న సూపు వైపే చూస్తోంది.

"అంత ఉప్పు వేశాను. అయినా ఆవిడ రెండు గిన్నెలు తాగింది" అంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.